ఉడుకునీళ్ళ పద్దు

2024 డిసెంబరులో ఒక ఆదివారం తాండూరులో అమ్మ దగ్గరికి వెళ్ళాను. నేనుండే వికారాబాద్ నుంచి రైల్లో గంట ప్రయాణం కూడా కాదు. అయినా నెలకోసారి వెళ్ళడమే గగనమైపోయింది. స్నానానికి వెళ్తే గీజరు కింద ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఒకటి పెట్టి ఉంది. అందులో సగం దాకా నీళ్ళు. గీజరు అడుగున తుప్పు చార, దాని కొసన ఒక చుక్క. అది పడీపడగానే ఇంకో చుక్క. స్విచ్చికి బట్టలారేసే క్లిప్పు తగిలించి ఉంది.

ఎన్నాళ్ళ నుంచి ఇట్లా అని అడిగితే "దసర ముందటి సంది" అంది అమ్మ.

"మరి స్నానం?"

"గ్యాసు మీద గిన్నెడు పెట్టుకుంట. నా ఒక్కదానికి ఎన్ని గావాలె? తమ్ముడు, పిల్లలు వచ్చిననాడు ఏస్త. వాళ్ళ తానాలు కాంగనే బంద్ జేస్త."

క్లిప్పు ఎందుకని మూడుసార్లు అడిగితే గానీ అసలు సంగతి చెప్పలేదు. ఒకరోజు తడిచేత్తో నల్లా తిప్పితే జిల్లుమందట. అప్పటినుంచి తను ముట్టుకోదు. మరి తమ్ముడికి చెప్పావా అంటే, "ఊకె ఫోన్ జేసి ఏం జెప్తం బిడ్డా, పనిల ఉంటడు" అంది. తను ముట్టుకోవడానికి భయపడుతున్న వస్తువును వాళ్ళు వచ్చినప్పుడు తనే వేసి, నీళ్ళు బకెట్లలోకి పట్టి, తనే ఆర్పేసి వాళ్ళని లోపలికి పంపుతోంది. షాక్ కొడితే తనకే కొట్టాలన్న ఏర్పాటు. దాన్నామె ఏర్పాటని కూడా అనుకోలేదు.

ఆరోజు నేను చేయగలిగిందల్లా బోర్డులో ఎంసీబీ దించెయ్యడం, గీజరులోకి నీళ్ళు వచ్చే వాల్వు కట్టెయ్యడం. ఆ తర్వాత పని దొరక్క అమ్మ పద్దుల పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

పెళ్ళయిన ఏడాది నుంచీ అమ్మ పద్దులు రాస్తోంది. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకాలు. పాలు, బియ్యం, కిరాయి, ఫీజులు. నేను సాహిత్యంలో పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. హైదరాబాద్ గ్రంథాలయాల్లో చెదలు పట్టిన పత్రికల కోసం ఏళ్ళ తరబడి తిరిగాను. ఇంట్లో బీరువా పైన ఉన్న ఈ పుస్తకాలను పరిశోధించవలసిన కాగితాలుగా ఎప్పుడూ చూడలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళ నోటి మాటలు రాసుకున్నారు. ఆ పుస్తకం నేను క్లాసులో పాఠం చెప్తాను కూడా. అయినా మా అమ్మ అనగానే చరిత్ర స్ఫురించలేదు నాకు. స్నానాల గదిలో బకెట్ నిండితే తప్ప.

ఉడుకునీళ్ళ ఖర్చు ఒక్కటే వెతుక్కుంటూ పోయాను. మొదటి పుస్తకంలో "బాయిలరు మాటు - 4 రూపాయలు" అని ఉంది. తర్వాత ఏటేటా బొగ్గులు, కట్టెలు. 1998లో "రాడ్". 2012లో "గీజరు". దాని పక్కన అమ్మ చేతిరాతలోనే జమ వైపు "బాయిలరు రాగి, తూకం" అని, ఒక అంకె. 2018లో మళ్ళీ "గీజరు, రెండోది". ఈ నాలుగైదు పద్దుల మధ్య ఆమె నలభై ఏళ్ళ తెల్లవారుజాములున్నాయి.

ఆ రాగి బాయిలరు అమ్మకు పెళ్ళిలో పెట్టింది. వాళ్ళది వికారాబాద్. పెళ్ళి 1985 మే నెలలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ తెచ్చిన సవరణ అమల్లోకి వచ్చింది అదే ఏడాది సెప్టెంబరు 5న. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించదన్నారు. అంటే నాలుగు నెలల తేడాతో మా అమ్మ ఆ చట్టానికి బయట ఉండిపోయింది. 2005లో కేంద్ర చట్టాన్ని సవరించినప్పుడు ఆ పెళ్ళి అడ్డంకి పోయింది గానీ, అమ్మ అన్నదమ్ముల్ని అడగలేదు. అడిగితే పుట్టింటి గడప ఉండదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. ఎటొచ్చీ ఆమె వాటాకు వచ్చింది ఒక రాగి బాయిలరు, రెండు గంగాళాలు, వంట పాత్రలు. భూమి మగవాళ్ళకు, పాత్రలు ఆడవాళ్ళకు. పాత్రలతో పాటు వాటి కింద మంట పెట్టే పని కూడా.

బాయిలరు రాకముందు కాగు. తాండూరు చుట్టుపక్కల ఊళ్ళలో పెరటి మూలన మూడు రాళ్ళ మీద కాగు ఉండని ఇల్లు ఉండేది కాదు. పొయ్యిలోకి కందికట్టె. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా సంతోషపడ్డాం. పప్పు రుచి గురించి చాలా రాశారు. పప్పు బజారుకు పోయాక మిగిలిన కందికట్టెను చేనులో కోసి, మోపులు కట్టి, నెత్తిన మోసుకొచ్చి, వానకు తడవకుండా పేర్చి, ఏడాది పొడుగునా ఉడుకునీళ్ళకు సర్దుకొచ్చింది ఆడవాళ్ళు. కందికట్టె భగ్గున మండి తొందరగా ఆరిపోతుంది. మనిషి దగ్గర కూచుని ఎగదోస్తూ ఉండాలి. మా అమ్మమ్మ వికారాబాద్‌లో ఇంకోటి కూడా వాడేది, రైలు బొగ్గు. సికింద్రాబాద్ - వాడి రైలుమార్గం 1874లో పడింది. వికారాబాద్, తాండూరు రెండూ ఆ దారిలోవే. ఆవిరి ఇంజన్లు నడిచినన్నాళ్ళూ స్టేషన్లో దులిపిన బూడిదలోంచి కాలీకాలని బొగ్గు ఏరి తట్టల్లో తెచ్చి అమ్మే ఆడవాళ్ళు ఉండేవాళ్ళట. ఆ బొగ్గు బాయిలరుకు బాగా సరిపోయేది. మధ్యలో గొట్టం, దాని చుట్టూ నీళ్ళు, కింద బూడిద పడే జల్లెడ, పక్కన చిన్న ఇత్తడి నల్లా. ఒకసారి అంటుకుంటే చాలాసేపు నిలిచేది. కాగుతో పోలిస్తే అమ్మమ్మకు అది సుఖమే అనిపించి ఉంటుంది, కూతురికి అదే కొని పెట్టింది.

స్నానాల వరస మాత్రం కాగు దగ్గరా బాయిలరు దగ్గరా ఒకటే. ముందు నాన్న, తర్వాత తాత, తర్వాత మేము. ఆఖరున నీళ్ళు చల్లారాక, లేదా అడుగున మసి వాసనతో మిగిలిన చెంబుడు నీళ్ళతో అమ్మ. నరక చతుర్దశి నాడు తెల్లారకముందే అందరికీ తలస్నానాలు, ఆడపిల్లలు మగవాళ్ళకు హారతులు ఇవ్వాలి. ఆరోజు అమ్మ రెండింటికి లేచేది. హారతి పళ్ళెంలో నోట్లు పడటం నాకు గుర్తుంది. రెండింటికి ఎవరు లేచారో అప్పుడు గుర్తులేదు.

ఉడుకునీళ్ళ చరిత్రలో ఇంకో ముఖ్యమైన అధ్యాయం బాలింత స్నానం. వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళు, ఒళ్ళు చిల్లులు పడేంత వేడిగా, నడుము మీద ధారగా పొయ్యాలి. అది ఇంట్లోవాళ్ళు చేసే పని కాదు. నేను పుట్టినప్పుడు అమ్మకు నీళ్ళు పోసింది చాకలి కులపు పెద్దామె. పద్దుల పుస్తకంలో ఉంది. "చాకలామెకు చీర, కుంచెడు జొన్నలు." అంతే. పేరు లేదు. అమ్మను అడిగాను, ఆలోచించింది, గుర్తు రాలేదంది. ఇరవయ్యొక్క రోజులు తన పచ్చి ఒంటిని తాకి కడిగిన మనిషి పేరు! నాకు కోపం వచ్చింది. కానీ ఆ పుస్తకాన్ని నేను చదువుతున్నదీ అదే ఇంటి కూతురిగానే కదా. గడీల కాలంలో దొరల స్నానాలకు అడవి నుంచి కట్టెలు, బావి నుంచి నీళ్ళు మోసింది వెట్టివాళ్ళు. వెట్టి పోయింది. మా ఇంటి వంటి మామూలు ఇళ్ళలో అది కుంచెడు జొన్నల లెక్కగా మారి ఇంకొన్నాళ్ళు నడిచింది. ఆడవాళ్ళ చాకిరీ అని మనం కలిపి రాసేటప్పుడు ఎవరి చాకిరీ పుస్తకంలో పేరు లేకుండా పడి ఉందో విడదీసి చూడక తప్పదు.

మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని వదల్లేదు. విమల 'వంటిల్లు' రాశాక ఆ గదిని మళ్ళీ పాత కళ్ళతో చూడలేకపోయాం. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు మనందరికీ తెలుసు. నీళ్ళపొయ్యి మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. బహుశా అది వంటలా తిని మెచ్చుకునేది కాకపోవడం వల్ల కావచ్చు. నీళ్ళు ఉడుకుగా ఉంటే ఎవరూ ఏమీ అనరు. చల్లగా ఉంటేనే మాట వస్తుంది.

గీజరు అన్న మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చినా అది ఐస్‌లాండు మాట. అక్కడ భూమిలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట పేరు గేసిర్. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రానికి పేటెంటు తీసుకుని ఆ పేరు పెట్టాడు. పొగ బయటికి పోయే దారి లేక అది ప్రమాదకరంగా ఉండేదట. 1889లో అమెరికాలో ఎడ్విన్ రూడ్ అనే నార్వే ఇంజనీరు తొట్టిలో నీళ్ళు నిలవ ఉంచి దానంతటదే కాగే యంత్రం చేశాడు. మన స్నానాల గదుల్లో గోడకు వేలాడే డబ్బా దానికి దూరపు చుట్టం. ఇటువంటి యంత్రాలు వచ్చాక ఆడవాళ్ళకు విశ్రాంతి దొరికిందా అన్న ప్రశ్నను రూత్ స్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అన్న పుస్తకంలో వేసింది. ఆమె జవాబు, అమెరికాలో ఇంటి యంత్రాలు ఎక్కువగా తగ్గించింది మగవాళ్ళ, పిల్లల పని అని. కట్టెలు కొట్టడం, మోయడం పోయాయి. తల్లి పని తగ్గలేదు. ఈ వాదన మనకు అట్లాగే అంటించుకోలేం. ఇక్కడ కందికట్టె మోసిందీ ఆడదే. కాబట్టి గీజరు మా అమ్మకు నిజంగా మేలు చేసింది, పొగ పోయింది, రెండింటికి లేవడం పోయింది. పదిహేను లీటర్ల నీళ్ళు స్నానానికి తగినంత కాగడానికి రెండు వేల వాట్ల గీజరుకు ఇరవై నిమిషాలు, ముప్పావు యూనిట్ లోపు కరెంటు. ఇది చిన్న సంగతి కాదు. పొగ పీల్చని తరం వాళ్ళం మనం దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు.

పోయింది ఇంకోటి. అది నాకు మెకానిక్కులు వచ్చాక అర్థమైంది.

మొదట వచ్చినతను గడపలోనే "సార్ లేడా అక్కా ఇంట్ల?" అని అడిగాడు. లేడంటే చుట్టూ చూసి, పైపుల వాషర్లు మార్చి డబ్బులు తీసుకున్నాడు. మర్నాడు మళ్ళీ చుక్క. రెండో అతను సేఫ్టీ వాల్వు పోయిందన్నాడు. నీళ్ళు కాగేటప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి ఆ వాల్వు నుంచి కాస్త కారడం మామూలే. అది కారకుండా బిగించేస్తేనే ప్రమాదం. కానీ స్విచ్చి ఆర్పేసి ఉన్నా కారుతోందంటే సంగతి వేరని నాకు అప్పటికి తోచలేదు. వాల్వు మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. కంపెనీకే చెబుదామని ఫోన్ చేస్తే రిజిస్టరైన నంబరుకు ఓటీపీ పంపామన్నారు. ఆ నంబరు నాన్నది. నాన్న 2021లో పోయారు. గ్యారంటీ కార్డు మీదా నాన్న పేరే. తన బాయిలరు రాగి తూకానికి వెయ్యగా వచ్చిన డబ్బు జతచేసి మొదటి గీజరు కొన్నారు. అది ఆరేళ్ళకు కారితే దాని స్థానంలో వచ్చింది ఇది. ఆ వరసలో ఎక్కడా అమ్మ పేరు లేదు. "మీరు ఆయనకేమవుతారు?" అని అడిగిన అమ్మాయి మర్యాదగానే అడిగింది, ఆమె ఉద్యోగం ఆమెది. ట్యాంకు గ్యారంటీ అయిదేళ్ళే, అది ఎప్పుడో దాటిపోయిందని, ఉన్నా ఉప్పునీళ్ళ వల్ల వచ్చే లోపాలకు వర్తించదని చెప్పింది. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది కూడా.

తాండూరులో ఉప్పునీళ్ళు కాకపోతే ఏముంటాయి? ఊరు నిలబడింది సున్నపురాయి మీద. తాండూరు బండలు, షాబాద్ బండలు అని దేశమంతా ఇళ్ళకు పరుచుకునే నాపరాయి అదే. బోరు నీళ్ళు ఆ రాతిలోంచే వస్తాయి. తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం. 2016లో మొదలైన మిషన్ భగీరథ నది నీళ్ళు మా ఇంట్లో తాగడానికి, వంటకు పట్టుకుంటారు. మిద్దె మీద ట్యాంకులోకి, అక్కణ్ణుంచి గీజరులోకి పోయేవి బోరు నీళ్ళే. నీళ్ళలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి తెల్లటి పెచ్చుగా పేరుకుంటుంది. వేడి పెంచినకొద్దీ ఎక్కువ పేరుకుంటుంది. తిరగలిలా మందంగా కాయిల్ చుట్టూ కట్టుకుంటే కాయిల్ వేడి నీళ్ళకు చేరదు. కాయిల్ తానే కాలి పగులుతుంది, కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. అమ్మకు జిల్లుమన్నది అదే అయి ఉంటుంది. ఎర్తింగు సరిగ్గా ఉండి, ముప్ఫై మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు ఉంటే అంతదాకా రాదు. మా ఇంట్లో అది లేదు, ఇప్పుడు పెట్టించాం. ఇంకొకటి, ఇనప ట్యాంకు లోపల గాజు పూత ఉంటుంది. పూతలో సన్నటి చీలిక వస్తే ఇనుము తుప్పు పట్టకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడదీస్తారు. ఇనుముకు బదులు అది తినబడుతుంది. రెండు మూడేళ్ళకోసారి చూసి మార్చాలి. పన్నెండేళ్ళలో రెండు గీజర్లు వాడిన మా ఇంట్లో ఎవరికీ ఆ కడ్డీ ఉందని తెలియదు. ఎవరూ చెప్పలేదు.

కాగులోనూ ఇదే సున్నం పేరుకునేది. అమ్మకు తెలుసు. "నెలకోపారి చింతపండు ఏసి, ఇటుకపొడి పెట్టి తోముతుంటిమి. చెయ్యి పడుతుండె గద లోపలికి" అంది. చింతపులుపుకు సున్నం కరుగుతుందని ఆమెకు రసాయనశాస్త్రం చెప్పలేదు, చెయ్యి చెప్పింది. బాయిలరు కారితే మాట్లు వేసేవాడు వీధిలోకి వస్తాడు, కళ్ళముందే టంకం పెడతాడు, నాలుగు రూపాయలు. ఎక్కడ కారిందో, ఎట్లా ఆగిందో చూసేది. గీజరు మూసిన డబ్బా. లోపలికి చెయ్యి పట్టదు. దాని సంగతి తెలిసినవాడు "సార్ లేడా" అంటూ వస్తాడు. ఇంట్లో అందరికీ వేళకు ఉడుకునీళ్ళు అందాలన్న బాధ్యత మాత్రం ఆమె దగ్గరే ఉంది. కింద బకెట్ పెట్టడం, నిండితే పారబొయ్యకుండా బట్టలు నానబెట్టడం, మెకానిక్కు కోసం రోజంతా గడపలో కూచోవడం, ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం, ఇవన్నీ కొత్తగా వచ్చి చేరాయి.

బకెట్ సంగతి చెప్తుంటే గుర్తొచ్చింది. అమ్మ ఇంటి వెనక సందులో నాపరాయి పాలిషింగ్ యూనిట్లో పనిచేసే ఒకామె ఉంటుంది. సాయంత్రం ఒళ్ళంతా తెల్లటి రాతిపొడితో వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం కింద ఆమె అత్తకు గ్యాసు వచ్చింది. గ్యాసు మీద అన్నం, కూర. నీళ్ళు మాత్రం ఇప్పటికీ మూడు రాళ్ళ మీదే. "నీళ్ళకు గ్యాసు పెడితె సిలిండరు నెల రాదు మేడం" అంది. ఆ పొడి చన్నీళ్ళకు పోదట. గీజరు కారడం గురించి ఆమెతో మాట్లాడుతూ నేను కాస్త సిగ్గుపడ్డాను.

మూడో మెకానిక్కు కుర్రవాడు, తాండూరువాడే. వచ్చీరాగానే సార్ గురించి అడగలేదు, ఎంసీబీ దించారా అని అడిగాడు. ట్యాంకే తినేసిందని, దానికి మాటు లేదని, మార్చడమే దారి అని చెప్పాడు. వికారాబాద్ వెళ్ళి వచ్చే ఆదివారానికి కొత్తది తెచ్చాను. బిల్లు మీద అమ్మ పేరు రాయించాను, నంబరు అమ్మది ఇచ్చాను. "నాకెందుకే, తమ్మునిది రాయించు" అంది. రాయించలేదు. కొత్తదానికి మెగ్నీషియం కడ్డీ ఎక్కడుంటుందో, ఎప్పుడు చూడాలో ఆ అబ్బాయి అమ్మకే చూపించాడు. నాలుగు నట్లు విప్పి అడుగు పలక దించి, ఇదిగో ఇక్కడ అన్నాడు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది.

పాతదాన్ని పెరట్లో పెట్టి విప్పితే అడుగు నుంచి గుప్పెళ్ళకొద్దీ తెల్లటి రాతి పెచ్చులు రాలాయి. కడ్డీ ఉండవలసిన చోట సన్నటి తీగ ఒకటి మిగిలింది. కాయిల్ ఒక పక్కకు పగిలి ఉంది. అమ్మ కూచుని ఆ పెచ్చుల్ని చీపురుతో ఒకపక్కకు తోసింది.

"ఇండ్ల రాగి ఏమన్న ఉంటదా బాబూ?"

"కాయిల్ తొడుగు రాగిదేనమ్మా. తూకానికేస్తే పెద్దగా రాదు."

"ఎయ్యను" అంది. తీసి, చింతపండు పెట్టి తోమి, గంగాళాలున్న అటక మీద పెట్టింది. ఆ రాత్రి పద్దు రాసింది. గీజరు మూడోది, దాని ఖరీదు, బిగింపు కూలి. పాత ఇనుము జమ. కాయిల్ సంగతి ఏ వైపూ రాయలేదు. రాసిన తర్వాత కలం మూత పెడుతూ, "ఆ నీళ్ళు పోసినామె పేరు యాదికొచ్చిందే, బాలమ్మనో బాలవ్వనో" అంది. ఏ పుస్తకంలో రాయమంటావు అని అడిగింది.